ఓడ చేరినది: ఒక చిన్న కార్డు కథ

మన యిండ్లలో ఎవరైనను దూరప్రయాణమునకు బయలుదేరునప్పుడు, వారు గడప దాటుచుండగా తల్లి చెప్పెడి తుదిమాట యొకటి కలదు: “చేరగానే జాబు వ్రాయి, నాయనా!” పోవువాడు తల యూచి పోవును. పిమ్మట నాలుగైదు దినములు ఆ తల్లి చూపు వీథి గుమ్మము మీదనే యుండును. తపాలాబంట్రోతు వచ్చి చిన్న కార్డు చేతికిచ్చినప్పుడు అందుగల సంగతి యంతయు ఒక్క వాక్యమే: క్షేమముగా చేరితిని. ఆ వాక్యము విన్న పిదపనే ఆమెకు ఆ పూట అన్నము రుచించును.

ఇట్టి కార్డును చేరినవాడే, చేరిన పిదపనే వ్రాయును. అది లోకసహజము. కాని చేరక పూర్వమే, ఓడ యింకను రేవును విడువక పూర్వమే, “చేరినది” అని సంతకము చేసి విడిచిపోయిన కార్డులు ఒకప్పుడు ఒక దేశమందు వేలకొలది తల్లుల చేతులకు వచ్చినవి. మొదటి ప్రపంచయుద్ధ కాలమున, 1917, 1918 సంవత్సరములలో, అమెరికా సంయుక్తరాష్ట్రములనుండి ఐరోపాకు పోయిన సిపాయిలు వ్రాసిన కార్డులవి. వాని కథ చిన్నదే యైనను, ఇంటిలో కూర్చుండి ఎదురుచూచు స్త్రీల హృదయమునకు మిక్కిలి దగ్గఱది. కావున దానిని ఇచట చెప్పబూనితిని.

కార్డు పుట్టుపూర్వోత్తరములను ముందుగా రెండు మాటలలో తెలిసికొందము. తపాలాకార్డును మొట్టమొదట వాడుకలోనికి తెచ్చినది ఆస్ట్రియా-హంగరీ ప్రభుత్వము. అది 1869వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన జరిగినది. సరిగా ఒక యేడాదికి ఇంగ్లండునందును, 1879వ సంవత్సరమున మన దేశమునందును కార్డులు వచ్చినవి. మన కార్డు వెల అప్పుడు కాలణా. కవరు కొనలేని బీదవానికిని, నాలుగు పుటలు వ్రాయుటకు తీరిక లేనివానికిని, వ్రాయుటయే సరిగా రానివానికిని కార్డు అనుకూలమైనది. అందు దాపఱికము లేదు. దానిని తెచ్చువాడు చదువవచ్చును, పొరుగువారు చదువవచ్చును. యుద్ధము వచ్చినప్పుడు ఈ గుణమే దొరతనమువారికి నచ్చినది. సిపాయి వ్రాసినదానిని పైయధికారి చదివి చూడవలసి యుండగా, విప్పి చూడ నక్కఱలేని కార్డుకంటె సులువైన దేమున్నది?

1917వ సంవత్సరము ఏప్రిలు 6వ తేదీన అమెరికా జర్మనీపై యుద్ధము ప్రకటించెను. యుద్ధరంగమేమో ఫ్రాన్సు దేశము. నడుమ అట్లాంటికు మహాసముద్రము. ఆ సముద్రమున జర్మనుల జలాంతర్గాములు నీటి క్రింద పొంచియుండి, టార్పీడోలతో ఓడలను ముంచుచుండెను. అందుచేత ఏ ఓడ యెప్పుడు బయలుదేరునో, అందెవ రుందురో, ఎచటికి చేరునో బయటికి పొక్కరాదని గట్టి కట్టడి చేసిరి. సిపాయి తన ఓడ పేరు తల్లికైనను వ్రాయరాదు. బయలుదేరు దినమును చెప్పరాదు. ఒక్క తల్లి నోటినుండి జాఱిన మాట వేయిమంది బిడ్డల ప్రాణములకు ముప్పు కావచ్చునని అధికారుల భయము. ఆ భయము వట్టిది కాదు.

సిపాయిలలో పెక్కండ్రు న్యూయార్కు నగరమునకు ఎదుట, హడ్సను నది యావలి యొడ్డున నున్న హోబోకెను రేవునుండి ఓడ లెక్కిరి. అచటి రేవుకట్టలు అంతకు ముందు జర్మను ఓడకంపెనీలవి. యుద్ధము రాగానే అమెరికా ప్రభుత్వము వానిని స్వాధీనము చేసికొనెను. రేవునకు కొన్ని మైళ్ళ దూరమున న్యూజెర్సీ రాష్ట్రమందు మెరిటు శిబిరమను పెద్ద దండువిడిది వెలసినది. అయిదు లక్షలకు మించిన సిపాయిలు ఆ విడిదిలో కొన్ని దినములు నిలిచి ముందునకు సాగిరి. ఆజ్ఞ రాగానే, తెల్లవాఱక మున్నే, చీకటిలో కొండదారిని దిగి నదియొడ్డునకు నడచి, పడవలపై రేవునకు చేరుచుండిరి. మేళములు లేవు, సాగనంపు చుట్టములు లేరు. క్రిందటి వారము శిబిరమునకు వచ్చి కొడుకును చూచి పోయిన తల్లికి, వాడిప్పుడు సముద్రము మీద నున్నాడన్న సంగతియైనను తెలియదు.

రేవుకట్ట మీద రెడ్‌క్రాసు సంఘమువారి స్త్రీలు నిలుచుండెడివారు. వేడి కాఫీయు, రొట్టెలును పంచుట వారి పని. వానితోపాటు చేతికొక కార్డు నిచ్చుటయు వారి పనులలో నొకటి. ఆ కార్డు మీద అచ్చువేసిన వాక్యమునకు తెలుగున అర్థమిది: నేను ప్రయాణము చేసిన ఓడ సముద్రము దాటి క్షేమముగా చేరినది. దాని క్రింద సిపాయి తన పేరును, తన పటాలము పేరును వ్రాయవలెను. రెండవ వైపున తల్లిదో, భార్యదో చిరునామా వ్రాయవలెను. అంతటితో సరి. పలు కార్డుల మీద “సిపాయి జాబు, తపాలాబిళ్ళ యక్కఱలేదు” అని కూడ అచ్చువేసి యుండెను.

ఇక ఆ కార్డు లేమగును? వానిని వెంటనే తపాలాలో వేయరు. ఓడలో పోవు సిపాయిల కార్డులన్నిటిని ప్రోగుచేసి, రేవునందే భద్రముగా నుంచుదురు. ఓడ సాగిపోవును. సముద్రము దాటుటకు ఎనిమిది దినములు పట్టవచ్చును, పదునాలుగు దినములు పట్టవచ్చును. ఆవలి యొడ్డునకు ఓడ చేరినదని సముద్రగర్భపు తంతి వార్త వచ్చినప్పుడు, అప్పుడే ఆ ఓడ కార్డుల కట్టను విప్పి తపాలాలో వేయుదురు. రెండు మూడు దినములలో అవి దేశమంతట ఇండ్లకు చేరును. సిపాయి ఫ్రాన్సునుండి స్వయముగా వ్రాసిన జాబు పరీక్షాధికారుల చేతులు దాటి, మరల సముద్రము దాటి వచ్చుటకు వారములు గడచును. ఆ వారముల వేదనను తప్పించుటకై ఈ యుపాయము పన్నిరి. దీనిని తలచినవా రెవరో కాని, ఇంటిలో ఎదురుచూచుట యెట్టిదో వారికి తెలిసియుండవలెను.

అచ్చువేసిన మాటలతో జాబు పంపుట అంతకు ముందే బ్రిటిషు సేనలలో నుండెను. వారి యుద్ధరంగపు కార్డు మీద “నేను బాగున్నాను”, “ఆసుపత్రిలో చేరితిని”, “నీ జాబు అందినది” అను భావముగల వాక్యములు వరుసగా అచ్చువేసి యుండును. సిపాయి తనకు పనికిరాని వాక్యములను కొట్టివేసి, సంతకమును తేదీని వేయవలెను. ఒక్క మాట అదనముగా వ్రాసినను కార్డును చించివేయుదురని దాని మీదనే హెచ్చరిక కలదు. అమెరికా వారి కార్డులో కొట్టివేయుటకైనను ఏమియు లేదు. ఉన్నది ఒక్కటే వాక్యము.

ఈ వాక్యమును మరల నొక్కసారి చూడుడు. “నేను క్షేమముగా చేరితిని” అని అందు లేదు. “నేను ప్రయాణము చేసిన ఓడ చేరినది” అని మాత్రమే యున్నది. ఈ తేడా మొదటి చూపునకు కనబడదు. కొడుకు చేవ్రాలు చూచిన తల్లి, ఓడ చేరిన పిదప వాడు చేరకుండునా యని సంతోషించును. ఆ కార్డును పొరుగింటికి తీసికొనిపోయి చూపును. దేవుని యెదుట నిలిచి మ్రొక్కును. కాని నిదానముగా తలపోసిన యిల్లా లెవతె యైనను ఒకనాడు గ్రహించియే యుండును. ఈ చేవ్రాలు ఆవలి యొడ్డున వేసినది కాదు. వాడింకను మన నేల మీదనే, రేవుకట్టపై కాఫీ త్రాగుచు, మూపున మూటతో నిలుచుండి వేసినది. ఓడ చేరిన సంగతి వానికి తెలిసి వ్రాసినది కాదు. తెలిసినవా రెవరో వాని మాటను విడుదల చేసిరి.

ఓడ చేరని పక్షమున నేమి? 1918వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీ సాయంకాలమున, టస్కేనియా అను ఓడను స్కాట్లండు తీరమునకు దగ్గఱగా, ఐలే ద్వీపము చెంత ఒక జర్మను జలాంతర్గామి టార్పీడోతో కొట్టినది. అది హోబోకెనునుండి బయలుదేరిన ఓడయే. అందు రెండువేలకు పైగా అమెరికను సిపాయి లుండిరి. తోడి యుద్ధనౌకలు దగ్గఱకు వచ్చి చాల మందిని రక్షించినవి. అయినను రెండు వందలకు మించి ప్రాణములు పోయినవి. ఐలే ద్వీపవాసులు ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన శవములను తమవారినివలెనే గౌరవముగా పూడ్చిరి. ఆ సమాధుల మీద నిలుపుటకు అమెరికా జెండా లేకపోగా, ఆ యూరి స్త్రీలు కొందఱు రాత్రి కూర్చుండి గుడ్డపేలికలతో ఒక జెండాను కుట్టిరి. తమ బిడ్డ నెవరో సముద్రమున కావల ఆడదిక్కు లేక పూడ్చిరని కుమిలిన తల్లులకు, ఆ కుట్టుపని సంగతి విన్నప్పుడు ఎంత యూరట కలిగియుండునో మనమెఱుగుదుము. ఆ జెండా నేటికిని భద్రపఱుపబడి యున్నది.

నిజమునకు జలాంతర్గాములచేత ఈ దారిలో చచ్చినవారి సంఖ్య తక్కువయే. ఓడలను గుంపుగా చేర్చి, చుట్టును యుద్ధనౌకలను కాపుంచి నడుపుటచే, ఇరువది లక్షలమంది సిపాయిలలో మిక్కిలి పెక్కండ్రు క్షేమముగా దాటిరి. కాని తల్లులు భయపడిన శత్రువు వేఱు, వచ్చిన శత్రువు వేఱు. 1918వ సంవత్సరపు శరత్తున ఇన్‌ఫ్లూయెంజా జ్వరము లోకమంతటను చెలరేగినది. లెవయథాను అను మహానౌక, పూర్వము జర్మనుల దగుట చేత ఫాటెర్లాండను పేరుగలది, సెప్టెంబరు 29వ తేదీన హోబోకెనును విడిచినది. అందు తొమ్మిదివేలకు పైగా సైన్యము క్రిక్కిరిసి యుండెను. గాలి చొరని అడుగు అంతస్తులలో జ్వరము ఒకరినుండి యొకరికి ప్రాకి, సుమారు రెండువేలమందిని పడవేసినది. పరిచారికలు చాలరు, మంచములు చాలవు. అక్టోబరు 7వ తేదీన ఓడ ఫ్రాన్సునందలి బ్రెస్టు రేవునకు చేరునప్పటికి పదులకొలది సిపాయిలు మరణించి యుండిరి. ఏ టార్పీడోయు దానిని తాకలేదు. ఓడ మాత్రము క్షేమముగానే చేరినది.

కార్డునందలి వాక్యము అక్షరాల నిజమైనను, ఒక యింటికి అది ఎంత క్రూరము కాగలదో ఈ ఓడ కథ తెలుపుచున్నది. ఓడ చేరినదన్న తంతికిని, అందు చచ్చినవారి పేర్లు తెలిసి తల్లులకు తంతులు పోవుటకును నడుమ కొన్ని దినములు గడచును. ఆ దినములలో ఒక తల్లి కార్డును చేతబట్టుకొని కొడుకు బ్రతికియున్నాడని నమ్మియుండుట అసంభవము కాదు. సముద్రమే దాటకుండ పోయినవారును కలరు. మెరిటు శిబిరముననే ఆ జ్వరముతోను, ఇతర వ్యాధులతోను మరణించినవారి పేర్లు 578, అచట 1924వ సంవత్సరమున నిలిపిన శిలాస్తంభము మీద చెక్కబడి యున్నవి. వారిలో నలుగురు పరిచారికలు. సిపాయిలకు తల్లులవలె సేవచేయుచు, తామును వారి దారినే పోయినవారు.

ఇట్లగుటచే ఈ కార్డు ఒక మోసమని కొందఱనవచ్చును. తెలియని సంగతిని తెలిసినట్లు వ్రాయించి, తల్లుల నోరు మూయించుటకు దొరతనమువారు పన్నిన పన్నాగమని చెప్పవచ్చును. ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. ఊరక కూర్చున్న తల్లులకంటె ఊరట చెందిన తల్లులు రాజ్యమునకు సులువు. కాని నాకు మఱియొక విధముగ తోచుచున్నది. రేవుకట్ట మీద సంతకము చేసిన కుఱ్ఱవాడు తల్లిని మోసగింపలేదు. “చేరగానే వ్రాయి, నాయనా” అని ఆమె చెప్పిన మాటను నెఱవేర్చుటకు వాని చేతిలోనున్న సాధన మది యొక్కటే. చేరునో చేరడో వానికి తెలియదు. తెలియక పోయినను, చేరినచో అమ్మకు ఒక్క దినమైనను ముందుగా తెలియవలెనని తలచి చేవ్రాలు చేసెను. ఆ కార్డులో నిజముగా వాడు వ్రాసినది తన పేరు మాత్రమే. మిగిలినది అచ్చుయంత్రము వ్రాసినది. తల్లి చదివినదియు ఆ పేరునే.

మన దేశపు స్త్రీలకు ఈ వేదన క్రొత్త కాదు. అమెరికా యుద్ధమున దిగుటకు రెండున్నర యేండ్లకు పూర్వమే, 1914వ సంవత్సరము సెప్టెంబరు నెలలో, భారతీయ సిపాయిలు ఫ్రాన్సునందలి మార్సెయి రేవున దిగిరి. ఆ యుద్ధము ముగియునప్పటికి పది లక్షలకు మించిన భారతీయులు సముద్రములు దాటిరి. అఱువది వేలకు మించి తిరిగి రాలేదు. వారి జాబులను చదివి పరీక్షించుటకు వేఱుగా ఒక కచేరి యుండెను. సిపాయిలలో చదువురానివారు తోటివానిచేత వ్రాయించుచుండిరి. ఇంటికడ చదువురాని భార్య ఊరిలోని చదువరిచేత చదివించుకొనుచుండెను. భార్యాభర్తల నడుమ ఇందఱు పరులు! అయినను వారు తమ సంగతులను చెప్పుకొను దారులు వెదకిరి. నల్ల మిరియాలు అనగా భారతీయ సిపాయిలు, ఎఱ్ఱ మిరపకాయలు అనగా తెల్ల సిపాయిలు అని గుర్తుపెట్టుకొని, ఏవి యెంత ఖర్చయినవో ఇంటికి వ్రాసినవా రుండిరి. వంటింటి మాటలలో యుద్ధవార్తలు పోయినవన్నమాట. ఆనాడు పరీక్షాధికారులు చేసికొన్న అనువాదములు నేడు లండను నగరమందలి గ్రంథాలయమున పదిలముగా నున్నవి. అనగా ఆ జాబులను మనము చదువగలుగుట, వానిని అడ్డగింప వచ్చినవారి మూలముననే.

మన తెలుగు సీమలోను ఇట్టి యూళ్ళు కలవు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరమునకు మిలిటరీ మాధవరమనియే పేరు. మొదటి ప్రపంచయుద్ధము నాటినుండి ఆ గ్రామమందు తరతరములుగా ఇంటికొకరు సైన్యమున చేరుట వాడుక. యుద్ధములలో అసువులు బాసినవారికై అచట స్మారకస్తంభము కూడ నిలిపిరి. అట్టి యూరిలో తపాలాబంట్రోతు అడుగుల చప్పుడు వినబడినప్పుడు ఎన్ని గుమ్మములలో ఎన్ని గుండెలు కొట్టుకొనియుండునో, మఱియొకరు చెప్ప నక్కఱలేదు.

అమెరికను తల్లుల కథను ముగించి విరమింతును. ఆ దేశమున కొడుకు యుద్ధమునకు పోయిన యింటివారు కిటికీలో నీలపు చుక్కగల చిన్న జెండాను వ్రేలాడదీయుచుండిరి. కొడుకు మరణించినచో నీలపు చుక్కపై బంగారు చుక్కను కుట్టుచుండిరి. యుద్ధము ముగిసి పదేండ్లు దాటిన పిమ్మట, 1929వ సంవత్సరమున, ఐరోపాలో సమాధిచేయబడిన వారి తల్లులను, పునర్వివాహము చేసికొనని భార్యలను ప్రభుత్వవ్యయముతో అచటికి పంపుటకు శాసనము చేసిరి. 1930 మొదలు 1933 వఱకు ఆఱువేలకు పైబడిన స్త్రీలు ఆ యాత్ర చేసిరి. వారిలో పలువురు ముదుసలులు. అంతకు ముందు సముద్రమునే చూడనివారును ఉండిరి. కొడుకులు దాటిన సముద్రమునే తల్లులును దాటిరి. అందును ఒక మచ్చ కలదు. నల్లజాతి తల్లులను తెల్ల తల్లులతో కలియనీయక, వేఱు ఓడలలో, తక్కువ వసతులతో పంపిరి. బంగారు చుక్క యందఱికి నొక్కటే యైనను ఓడ యొక్కటి కాలేకపోయినది. ఆ యవమానమునకు ఓర్వక కొందఱు తల్లులు యాత్రనే మానుకొనిరి. తక్కినవారు కన్నకడుపు తీపిచే పోయి, సమాధులకడ మోకరిల్లి వచ్చిరి.

నేడు చేతిలోని టెలిఫోనులో క్షణములో వార్త వచ్చును. మన దేశమున తంతి జాబులు సైతము 2013వ సంవత్సరమున నిలిచిపోయినవి. అయినను పాత యిండ్ల అటకల మీద, ట్రంకుపెట్టెల అడుగున, జాబుల తీగకు గ్రుచ్చిన కట్టలలో, సైన్యమునుండి వచ్చిన కార్డులు ఇప్పటికిని దొరకవచ్చును. అట్టిది మీ కంటబడినచో పాత కాగితమని పాఱవేయకుడు. బిళ్ళ కొఱకు కత్తిరింపకుడు. తపాలా ముద్రలోనే ఊరును తేదీయు నుండును. తుప్పుపట్టిన తీగనుండి, గుండుసూదినుండి మెల్లగా విడదీయుడు. జిగురుతో అంటింపక, పొడి కాగితపు కవరులో నుంచి, ఎండయు చెమ్మయు తగులని చోట దాచుడు. వేఱొక కాగితము మీద అది యెవరు ఎవరికి వ్రాసినదో, ఇంటిలోని పెద్దల నడిగి, వారుండగానే వ్రాసి పెట్టుడు. ఆ సంగతి తెలిసినవారు పోయిన పిమ్మట కార్డు మిగిలినను, దాని నెవరు ఎదురుచూచిరో చెప్పువా రుండరు.